రాతిగోడల మీద అయిదు ఊళ్లు



ఎండాకాలంలో నడక అంటే మనకు శ్రమే గాని సరదా కాదు. పొద్దెక్కక ముందే పొలం పని ముగించుకొని చెట్టు నీడకు చేరేవాళ్లం మనం. అటువంటిది, పనిగట్టుకొని డబ్బు ఖర్చుపెట్టి, దేశాలు దాటి వెళ్లి, నడివేసవిలో కొండల మీద పొద్దస్తమానం నడిచేవారు ఉన్నారంటే మన ఇంట్లో పెద్దవాళ్లు నవ్వుతారు. అయినా అలా నడిచేవారు లక్షల్లో ఉన్నారు. వారు నడిచే బాటలలో బాగా పేరుపొందిన ఒకదానిని గూర్చి ఈ నెల చెప్పుకుందాం. చూడబోతే అది యాత్రికుల బాట. తవ్వి చూస్తే మనవంటి సేద్యగాళ్ల బాట. అందుకే ఈ పేజీలో దానికి చోటిస్తున్నాను.

ఇటలీ దేశపు వాయవ్య తీరంలో లిగూరియా అనే ప్రాంతం ఉంది. అక్కడ జెనోవా, లా స్పేత్సియా అనే రెండు రేవు పట్టణాల మధ్య, లా స్పేత్సియాకు దగ్గరగా, సముద్రపు ఒడ్డునే వరుసగా అయిదు చిన్న ఊళ్లు ఉన్నాయి. పడమటి నుండి లెక్కపెడితే మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె. ఈ అయిదింటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు. అయిదు నేలలు అని ఆ మాటకు అర్థం. పేరులో నేల ఉందేగాని, చదునైన నేల మాత్రం అక్కడ దాదాపు లేదు. కొండ నిట్టనిలువుగా వచ్చి సముద్రంలో దిగిపోతుంది. కొండ సందుల్లో, వాగు నోట్లో, బండ అంచున ఇళ్లు కట్టుకున్నారు. పసుపు, గులాబి, ఎరుపు రంగులు వేసిన ఎత్తైన ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని నిలబడి ఉంటాయి. కేలండర్లలో ఈ ఊళ్ల బొమ్మలు మీరు తప్పక చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా.

ఈ ఊళ్లను కలుపుతూ సముద్రాన్ని ఆనుకొని సాగే కాలిబాట ఒకటుంది. దానికి నీలి బాట అని పేరు. మొత్తం పొడవు దాదాపు 12 కిలోమీటర్లు. 12 కిలోమీటర్లంటే మనకొక లెక్కా అనుకోకండి. ఇది బండిబాట కాదు. ఎక్కుడు, దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఎక్కడ చూసినా రాతి మెట్లే.

సరే, ఒక జూన్ నెల ఉదయం మోంతెరోస్సో నుండి బయలుదేరామనుకుందాం. అయిదు ఊళ్లలో ఇసుక ఒడ్డు బాగా ఉన్నది ఇక్కడే. గొడుగులు వేసుకొని ఎండ కాచుకునేవారు తొమ్మిది గంటలకే బారులు తీరి ఉంటారు. ఈ ఊరు రెండింటికి పేరుపొందింది. ఒకటి ఉప్పులో ఊరవేసిన ఆంకోవీ చేపలు. మన నెత్తళ్లకు దగ్గరి చుట్టాలే. రెండవది నిమ్మకాయలు. ఊరు దాటగానే బాట నిమ్మతోటల పక్కగా ఎక్కుతుంది. 1975లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందిన కవి యూజేనియో మొంటాలే చిన్నతనంలో వేసవులు గడిపింది ఈ ఊళ్లోనే.

బాట మొదట్లో చీటీ చూస్తారు. నడవడానికి డబ్బు కట్టాలి, ఆ డబ్బు బాట మరమ్మతులకు వాడతారు. కాళ్లు కూడా చూస్తారు. హవాయి చెప్పులు వేసుకొని బాట ఎక్కితే జరిమానా వేయవచ్చని 2019లో ప్రకటించారు. 50 యూరోల నుండి 2,500 యూరోల దాకా. జారిపడినవారిని ఆ ఇరుకు మెట్ల మీదుగా మోసుకు రావడం సహాయక దళాలకు ఎంత కష్టమో ఆలోచిస్తే, ఈ నిబంధన మరీ కఠినమనిపించదు.

మోంతెరోస్సో నుండి వెర్నాత్సాకు మూడున్నర కిలోమీటర్లు. అలవాటున్నవారికి రెండు గంటల నడక. మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అందరూ సముద్రం వైపు చూస్తారు. నేనైతే రెండవ వైపు చూడమంటాను. కొండ వైపు.

అక్కడ కనబడేది రాతిగోడ. దాని మీద మూడు నాలుగు గజాల వెడల్పున ఒక మడి, అందులో ద్రాక్షతీగలు. ఆ మడి వెనుక మరొక గోడ, దాని మీద మరొక మడి. ఇలా సముద్రం అంచు నుండి కొండ నెత్తి దాకా మెట్లు మెట్లుగా చేలు. దాదాపు వెయ్యి సంవత్సరాలుగా అక్కడి రైతులు అడవి కొట్టి, కొండ తవ్వి, తవ్వినప్పుడు బయటపడిన రాళ్లనే పేర్చి గోడలు కట్టి, వాటి వెనుక మట్టి నింపి చేసుకున్న చేలు ఇవి. ఈ గోడలన్నిటినీ కలిపితే వేల కిలోమీటర్లు అవుతాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. రాతి మీద రాయి, అంతే. మగవారు గోడ కడితే ఆడవారు తట్టలు నెత్తిన పెట్టుకొని మోసేవారు. కోతకాలంలో ద్రాక్షగుత్తులు కూడా అలాగే నెత్తిన దిగివచ్చేవి.

ఈ గోడల బొమ్మలున్న పుస్తకం ఒకటి మా సంఘంలోని ఒక పెద్దాయనకు చూపించాను. జీవితమంతా రాతి పనిలో గడిపినవాడు. కళ్లజోడు సర్దుకొని చాలాసేపు చూశాడు. "అయ్యగారూ, వీళ్లు తెలివైనవాళ్లండీ. సిమెంటు పెట్టి కట్టుంటే ఒక్క పెద్దవానకే పొట్ట ఉబ్బి పడిపోయేది. ఇందులో నీళ్లు పోవడానికి సందుంది" అన్నాడు. ఇంజనీర్లు చెప్పేదీ ఇదే. వాన నీరు మట్టిలో ఇంకి, గోడ సందుల గుండా మెల్లగా బయటికి కారిపోతుంది. గోడ వెనుక నీటి బరువు పేరుకోదు. పెద్ద రాళ్లు ముందు, చిన్న రాళ్లు వెనుక, ఆ వెనుక మట్టి. మనకు రాతి గట్లు తెలుసు గనుక ఇంతకంటె వివరించనక్కరలేదు. ఇటువంటి సున్నం లేని రాతి కట్టడపు విద్యను 2018లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించింది. ఇటలీతో కలిపి ఎనిమిది దేశాల పేరున ఆ గుర్తింపు వచ్చింది. ఈ అయిదు ఊళ్ల ప్రాంతానికైతే అంతకు ముందే, 1997లో, ప్రపంచ వారసత్వ స్థలమనే పేరు దక్కింది. 1999లో జాతీయ పార్కు అయింది. మామూలుగా జాతీయ పార్కు అంటే మనిషి చెయ్యి పడని అడవిని కాపాడటానికి పెడతారు. ఇక్కడ కాపాడవలసింది మనిషి చేతిపనినే.

అయితే ఈ గోడకు ఒక గుణం ఉంది. దానికి ప్రతి యేటా మనిషి కావాలి. ఒక రాయి జారితే ఆ వారంలోనే తిరిగి పెట్టాలి. పెట్టకపోతే పక్క రాయి కదులుతుంది. గోడ కడుపుతో ఉన్నట్టు ముందుకు ఉబ్బుతుంది. ఒక రాత్రి వానకు కూలుతుంది. అది కింది గోడ మీద పడుతుంది.

మరి మనుషులు ఏమయ్యారు? 1860లలో లా స్పేత్సియాలో ఇటలీ ప్రభుత్వం నౌకాదళపు పెద్ద కార్ఖానా కట్టింది. 1874లో జెనోవా నుండి లా స్పేత్సియాకు రైలు మార్గం పూర్తయింది. అంతవరకు పడవ తప్ప, కొండబాట తప్ప వేరే దారి లేని ఊళ్లకు రైలు వచ్చింది. వచ్చిన రైలే కుర్రవాళ్లను తీసుకుపోయింది. కార్ఖానాలో నెల తిరిగేసరికి జీతం. కొండ మీద ఏడాదికొక పంట, అదీ దేవుడిస్తే. ఎవరైనా ఏది ఎంచుకుంటారు? ఆ తరువాత ద్రాక్షకు తెగులు వచ్చింది, యుద్ధాలు వచ్చాయి. చివరకు యాత్రికులు వచ్చారు. ఒక గది అద్దెకిస్తే వచ్చే ఆదాయం ఏడాదంతా గోడలు మోసినా రాదు. ఇలా చాలా భాగం చేలు పడావు పడ్డాయి. తుప్పలు లేచాయి, పైన్ చెట్లు మొలిచాయి. వాటి వేర్లు గోడలను చీల్చాయి. అడవి పందుల బెడద వేరే. దుంపల కోసం, పురుగుల కోసం అవి ముట్టెతో గోడ మొదళ్లు పెకలిస్తాయి. ఈ సంగతి మన రైతు సోదరులకు నేను చెప్పనవసరం లేదు.

సామెతల గ్రంథం 24వ అధ్యాయంలో ముళ్లపొదలు కమ్మి, గోడ కూలిన ద్రాక్షతోట ఒకటి కనబడుతుంది గదా. అక్కడ యజమాని సోమరి. ఈ కొండ మీది యజమానులను మాత్రం సోమరులని అనడానికి నాకు నోరు రావడం లేదు. వెయ్యేళ్లు మోసినవారి మనుమలు వాళ్లు.

బాట దిగుతూ ఉండగానే వెర్నాత్సా ఒక్కసారిగా కింద కనబడుతుంది. చిన్న రేవు, దాని పక్కనే సముద్రపు నీళ్లకు ఆనుకొని 1318 నాటి దేవాలయం, బండ మీద సముద్రపు దొంగలను కనిపెట్టడానికి కట్టిన పాత బురుజు. ఊరికి ఒకటే పెద్ద వీధి. అది రైలు స్టేషను దగ్గర మొదలై రేవులో ముగుస్తుంది. ఈ వీధి కిందనే వాగు కప్పబడి ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి.

2011 అక్టోబరు 25న ఆ ప్రాంతంలో కుండపోతగా వాన కురిసింది. కొన్ని గంటల వానే. కొండ మీది నుండి మట్టి, రాళ్లు, చెట్లు వాగులో పడ్డాయి. వీధి కింది వాగు ఆ బరువును మోయలేక వీధి మీదికి వచ్చింది. కార్లు కాగితపు పడవల్లా రేవులోకి కొట్టుకుపోయాయి. వెర్నాత్సా వీధిలో కొన్ని చోట్ల బురద నాలుగు మీటర్ల ఎత్తున నిండింది. అంటే మొదటి అంతస్తు కిటికీల దాకా. ఆ ఊళ్లో ముగ్గురు చనిపోయారు. మోంతెరోస్సోలో ఇతరులను కాపాడటానికి దిగిన ఒక స్వచ్ఛంద సేవకుడు వరదలో కొట్టుకుపోయాడు. బురద తవ్వి తీయడానికి నెలలు పట్టింది. ఊరు నిలబడింది. ఇప్పుడు ఆ వీధిలో ఐస్‌క్రీం తింటూ తిరిగేవారిలో చాలామందికి తాము నిలబడిన చోట ఏం జరిగిందో తెలియదు.

భూగర్భ శాస్త్రజ్ఞులు తరువాత ఆ లోయను అంగుళం అంగుళం పరిశీలించారు. ఎక్కువగా జారింది ఎక్కడ అంటే, సాగు మానేసి కొద్దికాలమే అయిన మెట్ల చేలల్లో. వదిలేసి ఎన్నో ఏళ్లయి, దట్టంగా అడవి పట్టిన చోట అంతగా జారలేదు. రైతు చేతిలో ఉన్న నేల ఒక విధంగా నిలుస్తుంది, పూర్తిగా అడవి చేతికి పోయిన నేల మరొక విధంగా నిలుస్తుంది. ఆ చేతి నుండి ఈ చేతికి మారే మధ్యకాలంలో ఉన్నదే అపాయం. ఇప్పుడు ఆ కొండలో చాలా భాగం అటువంటి మధ్యకాలంలోనే ఉంది.

వెర్నాత్సాలో భోజనానికి ఆగేవారికి ఒక మాట. లిగూరియాలో శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు కలిపి పెద్ద రేకు పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చిన ఫరినాతా అనే అట్టు దొరుకుతుంది. మన నాలుకకు పరాయిదనిపించదు, కాస్త కారం తక్కువ. అక్కడి వీధి కుళాయిల నీళ్లు తాగడానికి మంచివే. సీసా నింపుకొని బయలుదేరాలి. తరువాతి ఎక్కుడులో నీడ తక్కువ.

కోర్నీలియా మిగతా నాలుగింటివంటిది కాదు. అది సముద్రపు ఒడ్డున లేదు. సముద్రానికి వంద మీటర్ల ఎత్తున బండ మీద కూర్చొని ఉంది. పడవలు అక్కడ ఆగవు. రైలు స్టేషను నుండి ఊరికి దాదాపు 380 మెట్లు ఉన్నాయి. వెర్నాత్సా నుండి నడిచి వచ్చేవారికి ఆ మెట్లు తప్పుతాయి గాని, అంతకు సరిపడా ఎక్కుడు అప్పటికే అయిపోయి ఉంటుంది. మిట్ట మధ్యాహ్నం అక్కడికి చేరితే గుడి ముందు నీడలో గంటసేపు కూర్చోవడమే మంచిది. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, తొందరేమీ లేదు.

కోర్నీలియా నుండి మనరోలాకు ఒడ్డు వెంట వెళ్లే పాత బాట కొండచరియల వలన చాలా ఏళ్లుగా మూసి ఉంది. కనుక పైకి పోవాలి. ద్రాక్షతోటల మధ్యగా వోలాస్ట్రా అనే పల్లె దాకా, సముద్రానికి 330 మీటర్ల ఎత్తు వరకు. కాళ్లు తిట్టుకుంటాయి. అయినా నన్నడిగితే రోజంతటిలో చూడవలసిన భాగం ఇదే. ఇక్కడ బాట వేరు, చేను వేరు కాదు. గోడ నెత్తి మీదే, ఒకరి చేని గట్టు మీదే నడుస్తాం. ఒక పక్క తీగలు భుజానికి తగులుతాయి, రెండవ పక్క ఏమీ ఉండదు, ఎక్కడో కింద సముద్రం తప్ప. తీగల మధ్య ఒంటి ఇనుప పట్టా ఒకటి కొండ మీదికి పాకుతూ కనబడుతుంది. దాని మీద పళ్ల చక్రంతో నడిచే చిన్న బండి ఎక్కుతుంది. నెత్తిన తట్ట మోసే శ్రమ తగ్గించడానికి కొన్ని దశాబ్దాల క్రితం తెచ్చిన ఏర్పాటు. అది చేరని చేలు ఇంకా ఉన్నాయి. అక్కడ సెప్టెంబరు కోతలో గంపలు భుజం మీదే దిగుతాయి. ఆ పండ్లలో మంచివి ఏరి వారాల తరబడి నీడన ఆరబెట్టి తీపి ద్రాక్షారసం చేస్తారు. ఎండిన పండు నుండి పిండగా వచ్చేది కొంచెమే గనుక దాని ధర చాలా ఎక్కువ.

ఈ చేలల్లో పనిచేస్తూ కనబడేవారిలో తల నెరసినవారే ఎక్కువ. ఆ విద్య వారితోనే పోకూడదని ఇప్పుడు కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2019లో యూరోపియన్ యూనియన్ నిధుల సహాయంతో మనరోలా పైన పడిపోయిన గోడలను తిరిగి లేపే పథకం మొదలుపెట్టారు. గోడ కట్టడం కొత్తవారికి నేర్పే తరగతులు కూడా పెట్టారు. నేర్చుకోవలసింది చాలా ఉంది. చేతిలోకి తీసుకున్న రాయిని తిప్పి తిప్పి చూసి ఏ ముఖం బయటికి పెట్టాలో తేల్చుకోవడం పుస్తకంలో వచ్చేది కాదు. మన ఊళ్లలో కూడా రాయి ముఖం చూసి చెప్పగలవారు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టి చూడండి.

వోలాస్ట్రా నుండి మనరోలాకు దిగుడే. మోకాళ్లు జాగ్రత్త. ఈ ఊరి పైన ఉన్న మెట్ల చేలల్లో క్రిస్మస్ కాలంలో దీపాలతో క్రీస్తు జన్మ దృశ్యం వెలుగుతుంది. గొల్లలు, గొర్రెలు, జ్ఞానులు, అన్నీ పారవేసిన సామానుతో చేసిన బొమ్మలే, కొండంతా పరచుకొని. పదవీ విరమణ చేసిన ఒక రైల్వే ఉద్యోగి ఏళ్ల తరబడి తన చేతులతో చేసినవి. వేసవిలో వెళ్లేవారికి ఆ దీపాలు కనబడవు గాని, ఆ బొమ్మలు నిలబడేది కూడా ఈ రాతిగోడల మీదే.

మనరోలాకు, రియోమజ్జోరెకు మధ్య ఉన్న చివరి ముక్క కిలోమీటరు కంటె తక్కువ. బండను తొలిచి సముద్రం మీద వేలాడదీసినట్టున్న ఈ చదును బాటకు ప్రేమబాట అని పేరు. సుమారు నూరేళ్ల క్రితం రైలు సొరంగాల పని జరుగుతుండగా, పేలుడు మందును ఊళ్లకు దూరంగా ఉంచడానికి, పనివాళ్లు రాకపోకలు చేయడానికి వేసిన దారి ఇది. అంతవరకు ఈ రెండు ఊళ్ల వారు ఒకరినొకరు చూడాలంటే కొండ ఎక్కి దిగాలి. దారి పడ్డాక కుర్రకారు సాయంకాలాలు అక్కడ కలుసుకోవడం మొదలైంది, పేరు స్థిరపడింది. 2012 సెప్టెంబరులో పైనుండి రాళ్లు పడి నలుగురు ఆస్ట్రేలియా యాత్రికులు గాయపడ్డారు. బాట మూసేశారు. తెరవడానికి ఎంతకాలం పట్టిందో తెలుసా? దాదాపు పన్నెండు సంవత్సరాలు. బండకు ఇనుప వలలు బిగించి, మేకులు దిగగొట్టి, 2024లో తిరిగి తెరిచారు. రెండు కోట్ల యూరోలకు పైగా ఖర్చయింది, ఒక కిలోమీటరు కూడా లేని దారికి. ఇప్పుడు ముందుగా సమయం రాయించుకొని, వేరుగా చీటీ కొని పోవాలి.

సాయంకాలానికి రియోమజ్జోరె చేరతాం. బండల మీద కూర్చొని పొద్దు సముద్రంలో దిగడం చూడవచ్చు. ఉదయం బయలుదేరిన మోంతెరోస్సోకు రైలు పదిహేను నిమిషాల్లో తిరిగి చేరుస్తుంది. ఆ దారిలో చాలా భాగం సొరంగాలే. నడిచిన కొండ ఎక్కడా కనబడదు.

మన తెలుగు పిల్లలు అనేకులు నేడు జర్మనీలోను, ఇటలీలోను చదువుకొంటున్నారు. సెలవులకు అటు వెళ్తామని ఫోను చేస్తారు. మీ పిల్లలు అలా అడిగితే ఈ కొద్ది సంగతులు చెప్పండి. జూలై, ఆగస్టు నెలలలో రద్దీ భరించరానిది, బాట మీద వరుసలో నిలబడవలసి వస్తుంది. ఏప్రిల్, మే నెలలు గాని సెప్టెంబరు గాని మంచివి. సెప్టెంబరులో అయితే ద్రాక్షకోత కూడా చూడవచ్చు. వాన హెచ్చరిక ఉన్న రోజున బాటలు మూస్తారు, ఆ రోజు కంచె దాటి వెళ్లకూడదు. పట్టున్న బూట్లు, రెండు సీసాల నీళ్లు, తలకు గుడ్డ. గోడ మీది రాయిని సరదాకైనా కదిలించవద్దని, ఫోటో కోసం గోడ ఎక్కి కూర్చోవద్దని చెప్పండి. కొనదలచుకుంటే బొమ్మల కొట్లో అయస్కాంతపు బిళ్లలు కాదు, అక్కడి చేలల్లో పండిన నిమ్మకాయలు కొనుక్కోమనండి.